ఎంతో అంత: తెలియని సంఖ్యకు అక్షరం వాడడం పిల్లలకు నేర్పే విధానం

నాలుగైదేళ్లుగా కూడికలు, గుణకారాలు తడబడకుండా చేసుకుంటూ వచ్చిన పిల్లలు ఆరో తరగతిలో అంకెల మధ్య అక్షరం కనబడగానే ఆగిపోవడం చాలామంది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చూసే ఉంటారు. అక్కడి లెక్క నిజానికి కష్టమైనది కాదు. ఆ అక్షరం అక్కడ ఏం చేస్తోందో వారికి ఎవరూ సరిగా చెప్పకపోవడమే చిక్కు. కొందరు పిల్లలు దానిని ఒక వస్తువుకు గుర్తుగా, కొందరు ఒక మాటకు పొట్టిరూపంగా, మరికొందరు పెద్దలకే తెలిసిన రహస్య సంకేతంగా అనుకుంటారు. అది ఒక సంఖ్యకు పెట్టిన పేరు అన్న ఒక్క సంగతి మనసులో స్థిరపడితే మిగిలినదంతా వారికి ముందే తెలిసిన అంకగణితమే.

ఈ మార్గదర్శి తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లలకు ఇంట్లోనో తరగతిలోనో నేర్పదలచినవారి కోసం రాసినది. రోజుకు అరగంట చొప్పున రెండు మూడు వారాలు కేటాయించగలిగితే చాలు. కావలసిన సామగ్రి ఒక డజను ఖాళీ అగ్గిపెట్టెలు, దోసెడు చింతగింజలు, ఒక సుద్దముక్క, గళ్ల నోటుపుస్తకం మాత్రమే. మెట్ల వరుసను మార్చవద్దని, ముఖ్యంగా మొదటి రెండు మెట్లను తేలికైనవి కదా అని దాటవేయవద్దని మనవి.

మొదటి మెట్టు: సమాన చిహ్నాన్ని సరిచేయడం

అక్షరం జోలికి వెళ్లకముందే పిల్లలకు '=' అంటే ఏమని అర్థమవుతోందో పరీక్షించాలి. కాగితం మీద 8 + 4 = □ + 5 అని రాసి, ఖాళీ గడిలో ఏ సంఖ్య ఉండాలో అడగండి. అమెరికాలో 1999లో ప్రచురితమైన ఒక పరిశీలనలో ఇదే ప్రశ్నకు 145 మంది ఆరో తరగతి విద్యార్థులూ 12 అనో 17 అనో రాశారు. సరైన జవాబైన 7 ఒక్కరూ రాయలేదు. మన పిల్లలను అడిగినా మీకు తరచు ఎదురయ్యేవి ఆ రెండు జవాబులే. ఎందుకంటే '=' వారికి 'ఇక జవాబు రాయి' అనే ఆజ్ఞలా కనబడుతుంది. తెలుగులో మనం 'ఎనిమిది, నాలుగు కలిపితే పన్నెండు వస్తుంది' అని చదివించడం కూడా ఈ అలవాటును బలపరుస్తుంది.

దీనికి మందు తక్కెడ. నేల మీద సుద్దతో నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు 8 గింజల కుప్ప, 4 గింజల కుప్ప పెట్టించండి. కుడివైపు 5 గింజలు పెట్టి, రెండు వైపులా లెక్క సరితూగాలంటే ఇంకెన్ని గింజలు కావాలో అడగండి. నిజమైన తక్కెడ వాడాలని అనిపించవచ్చు గానీ, చింతగింజలన్నీ ఒకే బరువు ఉండవు కనుక ముల్లు ఎటో ఒకవైపు ఒరిగి పిల్లల్ని అయోమయంలో పడేస్తుంది. ఊహలోని తక్కెడే మేలు. ఆ తరువాత 7 = 3 + 4, 6 + 2 = 2 + 6, 9 = 9 వంటివి రాసి, ఇవి నిజమా అబద్ధమా అని అడగండి. '9 = 9' చూసి 'ఇందులో చేయడానికి ఏముంది?' అని పిల్లలు అడిగితే, చేయడానికి ఏమీ లేదని, రెండు వైపులా ఉన్నది ఒకే విలువ అని చెప్పడమే ఆ గుర్తు పని అని వివరించడానికి అది మంచి సమయం. ఈ గుర్తును 1557లో ప్రవేశపెట్టిన రాబర్ట్ రికార్డ్ ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలను ఎంచుకున్నది, వాటికంటే సమానమైనవి వేరే రెండు ఉండవన్న ఉద్దేశంతోనే. ఈ సంగతి పిల్లలకు చెబితే గుర్తుపెట్టుకుంటారు.

రెండో మెట్టు: దాచిన సంఖ్యతో ఆట

ఇప్పుడు మూడు అగ్గిపెట్టెలు తీసుకొని పిల్లలు చూడకుండా ఒక్కొక్కదానిలో నాలుగేసి గింజలు వేసి మూసేయండి. గీతకు ఎడమవైపు ఆ మూడు పెట్టెలు, వాటి పక్కన రెండు విడి గింజలు పెట్టండి. కుడివైపు 14 గింజలు పోయండి. 'రెండు వైపులా గింజల సంఖ్య సమానం, పెట్టెలన్నింటిలోనూ ఒకే సంఖ్యలో గింజలున్నాయి, పెట్టె తెరవకుండా ఒక్కోదానిలో ఎన్నున్నాయో చెప్పు' అనండి. లెక్కలంటే భయపడే పిల్లలు సైతం కాసేపు తడిమి చూసి, విడి గింజలు రెండింటినీ అటూ ఇటూ తీసేసి, మిగిలిన పన్నెండును మూడు వాటాలు వేస్తారు. పెట్టె తెరిచి సరిచూసుకున్నప్పుడు వారి ముఖంలో కనబడే సంతోషం ఈ పాఠానికంతటికీ పెట్టుబడి.

ఈ ఆటలో మూడు నియమాలు ఉన్నాయి, వాటిని మాటల్లో పిల్లల చేతనే చెప్పించాలి. పెట్టెలో ఏదో ఒక నిర్దిష్టమైన సంఖ్య ఉంది, అది మనకు తెలియదు అంతే. ఒకే ఆటలోని పెట్టెలన్నింటిలోనూ అదే సంఖ్య ఉంటుంది. కొత్త ఆట మొదలైతే ఆ సంఖ్య మారవచ్చు. రేపు అక్షరం గురించి చెప్పవలసిన నియమాలన్నీ ఇవే. అందువల్ల ఈ ఆటను కనీసం మూడు నాలుగు రోజులు, పిల్లలే పెట్టెలు నింపి పెద్దలకు పరీక్ష పెట్టేంతవరకు సాగించండి. ఒకసారి పెట్టెను ఖాళీగా ఉంచి కూడా ఆడించండి. సున్న కూడా ఒక సంఖ్యే అన్న సంగతి వారికి ఆశ్చర్యంతో పాటు గుర్తుండిపోతుంది.

ఆట అలవాటయ్యాక గింజలు పక్కన పెట్టి బొమ్మలు గీయించండి. పెట్టెకు ఒక చతురస్రం, గింజకు ఒక చుక్క సరిపోతాయి. పెద్ద సంఖ్యలు ఇస్తే, ఉదాహరణకు ఏడు పెట్టెలు, 19 విడి గింజలు ఒకవైపు, 103 గింజలు మరోవైపు అంటే, చుక్కలు పెట్టడం విసుగనిపించి పిల్లలే అంకెలు రాయడం మొదలుపెడతారు. పొట్టిగా రాసుకోవాలన్న కోరిక వారిలోంచి పుట్టేదాకా ఓపిక పట్టడం ఈ మెట్టులో అన్నింటికంటే ముఖ్యమైన పని.

మూడో మెట్టు: పెట్టెకు పేరు పెట్టడం

చతురస్రం గీసే చోట ఇకనుంచి ఒక అక్షరం రాద్దామని చెప్పండి. ఏ అక్షరమన్నది పిల్లల ఇష్టానికే వదలండి, ఒక్క షరతుతో: లెక్కలో ఉన్న వస్తువు పేరులోని మొదటి అక్షరం వద్దు. కలాల లెక్కలో 'క' వాడితే 5క చూసిన పిల్లలు దానిని 'ఐదు కలాలు' అని చదువుతారు. ఇందులో వారి తప్పేమీ లేదు, 5 కి.గ్రా. అంటే ఐదు కిలోగ్రాములు, 5 మీ. అంటే ఐదు మీటర్లు అని మనమే నేర్పాము. '3అ + 2జ అంటే మూడు అరటిపళ్లు, రెండు జామపళ్లు' అని చెప్పే పద్ధతి అందుకే ప్రమాదకరం. ఆ క్షణానికి సులువుగా అర్థమైనట్టు కనబడినా, పండును పండుతో గుణించడం ఏమిటో తరువాత ఎవరూ చెప్పలేరు. అరటిపండు వెల 'న' రూపాయలు అనవచ్చు, బుట్టలోని అరటిపళ్ల సంఖ్య 'న' అనవచ్చు. అరటిపండే 'న' అనకూడదు. కనుక 'న అంటే ఏమిటి?' అని మీరు ఎప్పుడు అడిగినా, జవాబు 'ఎన్ని' అనో 'ఎంత' అనో వచ్చే సంగతిగా ఉండాలి.

తొలి లెక్కలకు తెలుగు అక్షరాలే వాడమని నా సలహా. ఇంగ్లిష్ ఎక్స్ చేతిరాతలో గుణకారపు గుర్తులాగే ఉండి చిన్నపిల్లలను తికమక పెడుతుంది. పైగా అది ఎక్కడినుంచో వచ్చిపడినదిగా అనిపిస్తుంది. మనవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. 7వ శతాబ్దపు బ్రహ్మగుప్తుడు, 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు రాసిన గ్రంథాల సంప్రదాయంలో తెలియని రాశిని 'అవ్యక్తం' అన్నారు. మొదటి అవ్యక్తానికి 'యావత్తావత్', అంటే 'ఎంతో అంత' అని పేరు. ఒకటికంటే ఎక్కువ అవ్యక్తాలుంటే కాలకం, నీలకం, పీతకం, లోహితకం అని రంగుల పేర్లు పెట్టి, వాటిని యా, కా, నీ, పీ, లో అని మొదటి అక్షరాలతో రాసుకున్నారు. తెలిసినవాటికి అక్షరమాల మొదటి అక్షరాలు, తెలియనివాటికి ఎక్స్, వై, జెడ్ వాడే అలవాటు 1637లో ఫ్రాన్స్‌కు చెందిన డెకార్ట్ రచనతో స్థిరపడింది. 'ఎంతో అంత' అన్న మాట మాత్రం పిల్లలకు బాగా నచ్చుతుంది. పెట్టెలో ఎన్నున్నాయి అంటే 'ఎన్నో అన్ని' అనడం మన భాషలో ఎప్పుడూ ఉన్నదే కదా.

ఇప్పుడు పాత ఆటనే 3 × న + 2 = 14 అని రాయించండి. గుణకారపు గుర్తును కనీసం వారం రోజులు వదిలేయవద్దు. దాన్ని తొందరపడి తీసేసి 3న అని రాస్తే, న విలువ 4 అయినప్పుడు కొందరు 34 అని రాస్తారు, ఎందుకంటే ఇంతవరకు పక్కపక్కన రాసిన అంకెలు పదులు, ఒకట్లుగానే అర్థమయ్యాయి. చదివించేటప్పుడు కూడా 'మూడు న' అనకుండా 'న కు మూడు రెట్లు' అని చదివించండి. మూడు పెట్టెల బొమ్మ మనసులో ఉన్నవారు తరువాత గుర్తు తీసేసినా పొరబడరు.

ఈ మెట్టులో మరో రెండు అపోహలు బయటపడతాయి. అక్షరమాలలో స్థానాన్ని బట్టి విలువ ఉంటుందని, అ అంటే 1, ఆ అంటే 2 అని కొందరు అనుకుంటారు. వేర్వేరు అక్షరాల విలువలు వేర్వేరుగానే ఉండాలని ఇంకొందరు అనుకుంటారు. న + మ = 8 అన్నప్పుడు రెండింటికీ 4 ఇవ్వవచ్చా అని అడిగి చూడండి. ఇద్దరు పిల్లల పేర్లు వేరైనా వయసు ఒకటే కావచ్చునని గుర్తుచేస్తే అంగీకరిస్తారు.

నాలుగో మెట్టు: తెగని జవాబును ఒప్పుకోవడం

పెట్టె పక్కన 5 గింజలు పెట్టి, మొత్తం ఎన్ని అని అడగండి. న + 5 అని రాశాక చాలామంది పిల్లల చేయి ఆగదు. ఏదో మిగిలిపోయిందన్న అసంతృప్తితో 5న అని రాస్తారు. జవాబు అంటే ఒకే సంఖ్య అన్న అంకగణితపు అలవాటు వారిని అలా తోస్తుంది. ఇక్కడ 'తప్పు' అని కొట్టేయడం వల్ల ప్రయోజనం లేదు. పెట్టెలో రెండు గింజలు వేసి రెండు జవాబులనూ పరీక్షించమనండి: న + 5 అయితే 7 రావాలి, 5న అయితే 10 రావాలి. లెక్కపెడితే 7 తేలుతుంది. అక్షరం స్థానంలో ఒక చిన్న సంఖ్య పెట్టి చూసుకోవడమనే ఈ అలవాటు పిల్లలకు జీవితాంతం కావలి కాస్తుంది. పరీక్షకు 0, 1, 2 వాడకపోవడం మంచిదని తరువాత చెప్పవచ్చు, ఎందుకంటే 2 + 2, 2 × 2 ఒకటే కావడం వంటి యాదృచ్ఛికాలు అక్కడ ఎక్కువ.

వయసుల ఉదాహరణ ఇక్కడ బాగా పనికొస్తుంది. అక్క తమ్ముడికంటే 4 ఏళ్లు పెద్దదైతే, తమ్ముడి వయసు న సంవత్సరాలు అన్నప్పుడు అక్క వయసు న + 4. తమ్ముడికి ఆరేళ్లప్పుడూ, అరవై ఏళ్లప్పుడూ ఇది నిజమే. న + 4 అన్నది సగంలో ఆగిన లెక్క కాదని, అది పూర్తి జవాబేనని, పైగా ఒక్క సంఖ్య చెప్పలేనంత సమాచారం చెబుతోందని పిల్లలు గ్రహించే చోటు ఇదే.

తరువాత పాత గారడీ ఒకటి చేయండి. మనసులో ఒక సంఖ్య అనుకోమని, దాన్ని రెట్టింపు చేసి, 10 కలిపి, సగం చేసి, మొదట అనుకున్న సంఖ్యను తీసేయమని చెప్పి, 'నీ దగ్గర మిగిలింది ఐదు' అనండి. ఎలా తెలిసిందని అడిగినప్పుడు అగ్గిపెట్టెలతో చూపండి: ఒక పెట్టె, రెండు పెట్టెలు, రెండు పెట్టెలూ పది గింజలూ, సగం చేస్తే ఒక పెట్టె, ఐదు గింజలు, పెట్టె తీసేస్తే ఐదు గింజలు. పక్కనే న, 2న, 2న + 10, న + 5, 5 అని రాయించండి. ఆ వెంటనే తమ సొంత గారడీ ఒకటి తయారుచేయమంటే పిల్లలు గంటసేపు కదలరు.

ఐదో మెట్టు: అక్షరంతో సూత్రం చెప్పడం

ఇప్పటిదాకా అక్షరం ఒక దాచిన సంఖ్యకు పేరు. అది ఏ సంఖ్యకైనా సరిపోయే పేరు కూడా కాగలదని, అప్పుడే దాన్ని చరరాశి అంటారని ఇప్పుడు చూపాలి. అగ్గిపుల్లలతో పక్కపక్కన ఆనుకొని ఉండే చతురస్రాలు పేర్చండి. ఒకదానికి 4 పుల్లలు, రెండింటికి 7, మూడింటికి 10. పది చతురస్రాలకు ఎన్ని, వందకు ఎన్ని అని అడగండి. వందకు పేర్చి చూడలేరు కనుక పద్ధతి వెతకక తప్పదు.

ఇక్కడ తొందరపడి సూత్రం చెప్పేస్తే పాఠం చచ్చిపోతుంది. పిల్లలు చూసే తీరులు వేర్వేరుగా ఉంటాయి, అవన్నీ బయటకు రానివ్వాలి. మొదట ఒక పుల్ల నిలబెట్టి, ఒక్కో చతురస్రానికి మూడేసి కలుపుకుంటూ పోయే పిల్లలు 1 + 3న అంటారు. మొదటి చతురస్రాన్ని పూర్తిగా చేసి, మిగిలినవాటికి మూడేసి లెక్కించేవారు 4 + 3(న − 1) అంటారు. పై వరుసలో న, కింది వరుసలో న, నిలువు పుల్లలు న + 1 అని విడదీసేవారూ ఉంటారు. ముగ్గురివీ పలకమీద పక్కపక్కన రాసి, న స్థానంలో 10 పెట్టి చూస్తే మూడింటికీ 31 వస్తుంది. చూపు వేరైనా సంఖ్య ఒకటే ఎందుకైందని అడగండి. కుండలీకరణాలు విప్పడం, సజాతి పదాలు కలపడం ఎందుకు నేర్చుకోవాలో చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం నాకు ఎక్కడా కనబడలేదు.

ముగ్గులు వేసే ఇంట్లో ఇంకో ఉదాహరణ సిద్ధంగా ఉంటుంది. 'ఐదు చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చేవరకు' అంటే మధ్య వరుసలో 5, దానికి ఇరువైపులా 4, 3, 2, 1 చుక్కలు. మొత్తం లెక్కిస్తే 25. నాలుగు చుక్కలతో మొదలైతే 16, ఆరుతో మొదలైతే 36. న చుక్కలతో మొదలైతే న × న అని పిల్లలు ఊహిస్తారు. ఎందుకని అడిగి, ముగ్గును కాస్త ఏటవాలుగా చూడమనండి. ఒక్కో వరుసలో ఐదేసి చుక్కలున్న ఐదు వరుసల చతురస్రం మూల మీద నిలబడి కనబడుతుంది.

ఆరో మెట్టు: మాటలను సమీకరణంగా రాయడం

తెలుగు వాక్యక్రమం ఇక్కడ మనకు తోడుంటుంది. 'ఒక సంఖ్యకు మూడు రెట్ల కంటే 4 తక్కువ' అన్న వాక్యాన్ని వచ్చిన వరుసలోనే రాసుకుంటూ పోతే 3న − 4 వస్తుంది. ఇదే ఇంగ్లిష్‌లో 'ఫోర్ లెస్ దేన్' అని మొదలవుతుంది కనుక పిల్లలు 4 − 3న అని రాస్తారు. ఇంగ్లిష్ మాధ్యమంలో చదివే పిల్లలు లెక్కను ముందు తెలుగులో తమ మాటల్లో చెప్పి, ఆ తరువాత రాస్తే ఈ పొరపాటు చాలావరకు తగ్గుతుంది. రెండు భాషలూ ఎదురెదురుగా ఉన్న పాఠ్యపుస్తకం చేతిలో ఉంటే ఇది మరీ సులువు.

అయినా ఒక గోతిలో పెద్దవారు కూడా పడతారు. 'బడిలో ఒక్కో ఉపాధ్యాయునికి 30 మంది విద్యార్థులు ఉన్నారు. విద్యార్థుల సంఖ్య వ, ఉపాధ్యాయుల సంఖ్య ఉ. రెండింటికీ ఉన్న సంబంధాన్ని రాయండి' అంటే చాలామంది 30వ = ఉ అని రాస్తారు. ముప్పైమంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు అన్న మాటలను అలాగే దించేయడం వల్ల, అక్షరాన్ని మనిషికి గుర్తుగా చదవడం వల్ల ఇలా జరుగుతుంది. ఉ = 2 అనుకొని పరీక్షిస్తే వ = 60 కావాలి, కనుక వ = 30ఉ సరైనదని తేలుతుంది. అందుకే ప్రతి లెక్కకు మొదటి పంక్తిగా 'న = బుట్టలోని మామిడిపళ్ల సంఖ్య' అని పూర్తి వాక్యంలాంటి నిర్వచనం రాయించండి. ఆ పంక్తిలో 'సంఖ్య', 'వెల', 'వయసు', 'పొడవు' వంటి మాట లేకపోతే లెక్క ముందుకు సాగనివ్వకండి.

ఏడో మెట్టు: సాధించడం

మొదట ఊహించి, పెట్టి చూసి, సరిచేసుకునే యత్నదోష పద్ధతిని స్వేచ్ఛగా వాడనివ్వండి. తరువాత రెండు వైపులా పెట్టెలున్న లెక్క ఇవ్వండి: 5న + 2 = 2న + 14. రెండు వైపులనుంచీ రెండేసి పెట్టెలు తీసేస్తే 3న + 2 = 14, రెండేసి గింజలు తీసేస్తే 3న = 12, కనుక న = 4. మొదటి సమీకరణంలో పెట్టి చూస్తే రెండు వైపులా 22. ఈ సరిచూడడాన్ని జవాబులో భాగంగానే రాయించాలి.

'అటు నుంచి ఇటు వస్తే గుర్తు మారుతుంది' అనే పక్షాంతర నియమాన్ని వీలైనంత ఆలస్యంగా చెప్పండి. కారణం తెలియకుండా దాన్ని పట్టుకున్న పిల్లలు 3న = 12 ను న = 12 − 3 అని రాయడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. రెండు వైపులా ఒకే పని చేయడం ఒకటి రెండు నెలలు పంక్తి పంక్తిగా రాసినవారు, ఆ పక్షాంతర నియమాన్ని తామే కనిపెట్టుకుంటారు. తెలుగు అక్షరాల నుంచి ఎక్స్‌కు, వైకి మారడం కూడా ఈ దశలోనే చేయించవచ్చు. అదే సమీకరణాన్ని వేర్వేరు అక్షరాలతో మళ్లీ రాయించి, జవాబు మారిందా అని అడిగితే సరిపోతుంది. ఎక్స్‌ను వంపు గీతలతో రాయడం, గుణకారపు గుర్తును ఇక మానేయడం అప్పుడే అలవాటు చేయండి.

ఎనిమిదో మెట్టు: ఏ సంఖ్యకు పేరు పెట్టాలో ఎంచుకోవడం

చివరగా మన ఇళ్లలో పెద్దలు అడిగే పక్షుల లెక్క ఇవ్వండి. చెట్టు మీది పక్షులను చూసి ఎగిరివచ్చిన పక్షి 'మీరు నూరుగురా?' అంటుంది. 'మేమూ, మేమెంతమందిమో మరి అంతమందీ, మాలో సగమూ, ఆ సగంలో సగమూ, నువ్వూ కలిస్తే నూరు' అని అవి బదులిస్తాయి. చెట్టు మీది పక్షుల సంఖ్యను న అనుకుంటే న + న + న/2 + న/4 + 1 = 100 అవుతుంది. భిన్నాలంటే జంకే పిల్లలు ఇక్కడ వెనకడుగు వేయవచ్చు.

వారిని కాసేపు ఆలోచించనిచ్చి, పక్షులన్నింటికీ బదులు 'సగంలో సగం'లో ఎన్ని పక్షులున్నాయో ఆ సంఖ్యకు పేరు పెడితే ఎలా ఉంటుందో అడగండి. ఆ సంఖ్య ప అయితే సగం 2ప, మొత్తం 4ప. అప్పుడు 4ప + 4ప + 2ప + ప + 1 = 100, అంటే 11ప = 99, ప = 9. చెట్టు మీద 36 పక్షులు. 36, 36, 18, 9, 1 కూడితే నూరు సరిపోతుంది. జవాబు తేలిన తరువాత, నూరుకు బదులు ఏ సంఖ్య పెడితే లెక్క కుదురుతుందో, ఏది పెడితే పక్షిని ముక్కలు చేయవలసి వస్తుందో వెతకమనండి. 11ప + 1 అన్న రూపాన్ని చూసి 12, 23, 34 అని చెప్పుకుంటూ పోయే పిల్లలకు ఆరో తరగతి పుస్తకంలోని అక్షరాల పేజీ తెరిచి ఇవ్వవచ్చు.